ఐదువందల పదకొండు

మంగళవారాల్లో సాయంత్రం ఐదు దాటాక
టొలీడో పబ్లిక్ లైబ్రరీ నేలమాళిగలో
మడతబల్ల వేసుకుని కూర్చుంటాను.
అప్పుల్లో ఉన్నవాళ్లు వస్తారు.
కోటు విప్పరు.
విప్పితే ఉండిపోవాల్సొస్తుందని భయం.

ఓడెట్ ప్రూయిట్ మాత్రం విప్పింది.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ,
వేళ్ల సందుల్లో బ్లీచు వాసన.
అద్దెకు అడిగిన ప్రతిచోటా
అంకె చూసి తలుపు వేసేశారట.
"ఐదువందల పదకొండు" అంది,
చెప్పుల సైజు చెప్పినట్టు.

నాకొచ్చిన నాలుగు ముక్కలూ చెప్పాను.
రెండొందల డాలర్లు డిపాజిట్టు కట్టి చిన్న కార్డు తీసుకో.
దాంతో బస్సు పాసు తప్ప మరేమీ కొనకు.
స్టేట్‌మెంటు రాకముందే కట్టెయ్.
ఉయ్యాల్లో పాపలాంటిది ఆ కార్డు,
ఉందని తెలియాలి, లేపకూడదు.
నవ్వింది. నవ్వుతూనే రాసుకుంది.

పరపతి పెరగడం
మామీ నది మీద మంచు కట్టడం లాంటిది.
చూస్తున్నంతసేపూ ఏమీ జరగదు.
ఐదువందల ఇరవై ఎనిమిది,
ఆరో నెలకి ఐదువందల నలభై.
అక్కడ ఆగింది.

రిపోర్టు తెప్పించి స్కేలు పెట్టి
వరసవరసా చదివాం.
మూడో పేజీలో గ్యాసు కంపెనీ.
వసూళ్లవాళ్లకు అమ్మేసిన బాకీ,
వెయ్యీ నూటపద్దెనిమిది డాలర్లు.
"ఇది నాది కాదు."
మళ్లీ చూసింది. చిరునామా చూసింది.
వేలు ఆ గీత మీదే ఉండిపోయింది.

ఆమెకప్పుడు పంతొమ్మిదేళ్లు.
ఆ డిసెంబరులో వాళ్లమ్మ పేరున
గ్యాసు ఇచ్చే దిక్కు లేకపోయింది.
కూతురి పేరున తీసుకుంది.
కూతురికి చెప్పలేదు.

ఒక ఫారం ఉంది, అన్నాను, నా పని అదే కాబట్టి.
నీ పేరు ఎవరు వాడుకున్నారో తెలిస్తే రాయాలి.
సంతకం పెడితే ఆ గీత చెరిగిపోతుంది,
నీ అంకె లేచి నిలబడుతుంది.

ఖాళీ గడి ముందు పెన్ను పట్టుకుని
నాతో కాదు, బల్లతో అన్నట్టు:
"ఆ చలికాలం మా తమ్ముడికి న్యుమోనియా.
రాత్రి మూడింటికి కింద ఫర్నేసు గుప్పున అంటుకునేది.
ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టేది.
మండుతున్నది నా పేరని నాకేం తెలుసు?"

దీనికి మా దగ్గర ఫారం లేదు.

పెన్నుకి మూత పెట్టింది.
"నెలకి నలభై కడతాను."
కట్టినా ఆ గీత ఇంకా మూడేళ్లు అక్కడే ఉంటుంది,
స్కోరూ పెద్దగా కదలదు, అన్నాను.
"అయితే మూడేళ్లు" అని కోటు తొడుక్కుంది.

మొన్న మంగళవారం మూసేసే వేళకి
ఇంకో ఆవిడ వచ్చింది.
మెడదాకా బొత్తాలు పెట్టుకున్న కోటు,
చేతిలో ఇస్త్రీ చేసినట్టున్న ఇరవై నోట్లు రెండు.
"ఓడెట్ ప్రూయిట్ బాకీలో ఈ నెలది" అంది.
"తనకి తెలియకుండా కట్టే దారుందా?"

రసీదులో పేరు రాయాలి కదమ్మా, అన్నాను.
ఎవరి పేరు రాయాలో
ఆవిడ వెంటనే చెప్పలేదు.
పక్కగదిలో లైబ్రరీ ఫర్నేసు గుప్పున అంటుకుంది.
ఇద్దరం ఒకేసారి అటు చూశాం.