పుట్టి లెక్క

మా గడ్డకు ఒక ఆర్థికమంత్రి ఉండె.
పేరు ఉరుకుందమ్మ. చదువు మూడు.
సంతకం గుండ్రంగ, పుట్టి లెక్కనే.
ఆ పదవి ఇచ్చింది పుట్టి తోసే తిమ్మప్ప,
పొద్దుమీకి చిల్లర అప్పజెప్పేటప్పుడు
రెండు రూపాయలు తక్కువైతె
ఆమె చూసిన చూపుకు జడిసి.

చుట్టూ కృష్ణ. నడుమ నూటపది గడపలు.
అగ్గిపెట్టె కాడికెల్లి యూరియా బస్త దాంక
ఏదొచ్చినా నీళ్ల మీద్నే రావాలె.
పుట్టి సంఘానిది. మనిషికి పది. బస్తకు పది.
మేకకు ఐదు, పిల్లయితె ఒళ్లె కూసుంటది గన్క మాఫీ.
అవతలి ఒడ్డున పన్నెండున్న ఉప్పు పాకిటి
ఇవతల పద్నాలుగయితది.
ఆ రెండు రూపాయలల్ల ఏటి లోతు తెలుస్తది.

మా పల్లికాయ అటు దాటినప్పుడు మాత్రం
లెక్క తిరగబడతది.
గద్వాల యార్డుల సేటు ఓ కాయ గిల్లి
"నీళ్లు దాటొచ్చింది, తడుంటది" అని
క్వింటాలుకు రెండు వందలు తెంపుతడు.
ఒకపారి ఉరుకుందమ్మ
ఎండి గలగలమనే కాయను
ఆయన చెవి కాడ ఊపి "ఇను" అన్నది.
ఆయన ఇనలె. ఇంకో బస్త దిక్కు పోయిండు.

ఇరవై రెండేండ్లు ఆమెదే పుస్తకం.
ఎడమకు రాక, కుడికి పోక.
వారానికి యాభై పక్కకు తీసి
పసుపు డబ్బల ఏసేది.
అది రాత్రి పుట్టి పైస.
నొప్పులొచ్చినోళ్లకు, పాము ముట్టినోళ్లకు.
జెండా పండుగ బూందీకని సర్పంచి అడిగిండు, ఇయ్యలె.
మోటరు కాలిందని సొంత మరిది కాళ్లు పట్టుకున్నడు,
మజ్జిగ తాపి పంపింది.

జూరాల గేట్లు అన్నీ ఎత్తిన ఏడు
పదకొండు దినాలు పుట్టి కదల్లె.
పాలు ఇరిగి పారబోసినం.
మిరపకాయలకు జొన్నలు మార్సుకున్నం.
ఆమె గడప గడప తిరిగి
ఎవరింట్ల ఎన్ని సోలలున్నయో రాసుకొచ్చింది.
దాచినోళ్ల పేర్లు గూడ రాసింది.
ఎవ్వరికీ సదివి ఇనిపియ్యలె.

పన్నెండో దినం మొదటి పుట్టిల
దవాఖానకెల్లి ఆమె పెనిమిటి వచ్చిండు,
ఐసుగడ్డల నడుమ, చాపల సుట్టి.
పుట్టెడు దుఃఖమంటరు గద,
ఆ పొద్దు అది నిజంగ పుట్టిల పట్టింది.
తిమ్మప్ప కిరాయి వద్దన్నడు.
ఆమె కొంగు ముడి ఇప్పింది.
"మనిషని రాయాల్నా, బస్తని రాయాల్నా?"
"ఏదైనా పదే గదక్కా" అన్నడు
గడకర్రకు మొకం ఆనిచ్చి.

ఆ పుట నేను చూసిన.
రాక దిక్కు పది.
పక్కన మనిషి అని లేదు, బస్త అని లేదు.
సవారన్న, అని ఉన్నది.

పుస్తకం నాకప్పజెప్పిన దినం
బీకాం చేసినోణ్ని గద, నాకు గర్వమే ఉండె.
దిగుమతులు, ఎగుమతులు, లోటు
అన్నీ పరీక్షల రాసినోణ్ని.
ఆమె ఏటి దిక్కు చూపిచ్చింది.
"పిల్లర్లు లేస్తున్నయి. వంతెన పడ్తె పుట్టి కిరాయి రాదు.
అప్పుడు డబ్బల ఏమేస్తవ్?"
"అప్పుడు డబ్బనే అక్కర లేదక్కా,
అంబులెన్సు గడప దాంక వస్తది" అన్న.
ఆమె మూత తీసి వాసన చూసి
మళ్ల మూసి నా చేతుల పెట్టింది.
"వచ్చే తొవ్వే పోయే తొవ్వ, బిడ్డా.
అంబులెన్సుకెల్లి సేటు లారీ గూడ వస్తది.
అప్పుడు తడి అనడు, ఇంకోటి అంటడు.
అదేందో ముందే ఆలోచించు."

నేనింక ఆలోచిస్తనే ఉన్న.
వంతెన మూడు పిల్లర్ల కాడ ఆగింది.
ఈ వారం యాభై ఏసిన.
నిన్న తిమ్మప్ప కొడుకు
రెండు రూపాయలు తక్కువిచ్చిండు.
ఆమె చూసినట్లే చూద్దామని చూసిన.
నవ్విండు.
తర్వాత ఇచ్చిండు.