ఉప్పు కడిగిన నీళ్ళు

తగరపు డబ్బా తెరిచే చెవి ఎక్కడో పారేశాడు తైస్తో.
నేను ఉలీ సుత్తీ తెచ్చాను.
లోపల మైనపు కాగితం పొట్లాలు,
పొట్లానికి పదిహేను, పురికొసతో కట్టినవి.
ఎవరు వేశారో గాని ఆ ముడి
డెబ్బై ఏళ్ళకీ వదులు కాలేదు.
డబ్బా మీద అచ్చు: యాభై మూడు.
మా అమ్మ పుట్టిన ఏడు.

కైనూ అడవిలో కంకర గుంట. సెప్టెంబరు.
బ్లూబెర్రీ ఆకులు ఎర్రబడ్డాయి.
మొదటి దెబ్బకి భుజం మీద గాడిద తన్నింది.
గుడ్డు మాడిన వాసన.
తైస్తో అంటే మా భాషలో పోరు,
ఆ మనిషి ప్రతి మోతకీ కళ్ళు మూసుకుంటాడు.

మూడో పొట్లంలో ఒకటి
టిక్ అంది. అంతే.
"కదలకు. గొట్టం మట్టిగుట్ట వైపే ఉండనీ."
ముప్పై లెక్కపెట్టాం, పైకే, ఇద్దరం,
దాగుడుమూతల్లో పిల్లల్లా.
తీసి చూస్తే దాని అడుగున చిన్న సొట్ట.
పేలనంది. ఎవరి మీద అలిగిందో.

పేల్చినవి నలభై నాలుగు.
మోకాళ్ళ మీద పాకి ఏరితే
గుల్లలు నలభై మూడు.

రాత్రి సౌనా కుండలో మరిగిన నీళ్ళు,
గరాటు, గుడ్డ చుట్టిన కడ్డీ.
ఈ పాత మందుకి ఉప్పు గుణం ఉంది,
చెమ్మని పిలిచి ఇనుముని తినిపిస్తుంది.
నూనె రాస్తే పోదు,
దుప్పటి కప్పుకుని లోపలే కూర్చుంటుంది.
నీళ్ళే కావాలి, చెయ్యి పెట్టలేనంత వేడిగా.
మొదటి గరాటు కాఫీ రంగు. రెండోది గంజి రంగు.
గొట్టం పట్టుకోలేనంత కాలి
తనంతట తనే ఆరింది.

సైన్యం మిగులు సరుకు అమ్మినప్పుడు
మా తాత అర్మాస్ కొన్న తుపాకి ఇది.
బతికుండగా ఒక్కసారీ పేల్చలేదు.
కానీ ఏటా మొదటి మంచుకి ముందు
ఇలాగే మరిగించి, ఇలాగే పోసేవాడు.
"పేల్చని గొట్టంలో ఏముందయ్యా కడగడానికి?"
అమ్మమ్మ గుమ్మంలోంచి అడిగేది.
ఆయన గరాటు ఎత్తి పట్టుకునేవాడు,
ఇంకా పోయమని.

పొద్దున్న తెల్ల గుడ్డ దూర్చి లాగాను.
అంచున లేత తుప్పు, టీ మరకంత.
మళ్ళీ నీళ్ళు పెట్టాను.
మూడు రోజులు వరసగా తుడవాలంటాడు తైస్తో.
ఇది రెండో రోజు.
బయట చినుకు మొదలైంది.
నాచులో ఆ ఒక్క గుల్ల
తన ఉప్పుతో తను తడుస్తూ ఉంటుంది.