తుపాకి కాదు – ఒకటి

సినిమా మొత్తానికి పదకొండు వేలు.
ఆయుధాల పద్దు కింద కుముదిని రాసింది
ఆరువందల యాభై.
"ఒక తుపాకి, రెండు కత్తులు, తవిటినాయుడూ.
ఎవరి ఒంటి మీదా గీత పడకూడదు."

పగలు నేను సైకిళ్ళకి పంక్చర్లు వేస్తాను.
తుపాకి నాకొదిలెయ్యమన్నాను.
నీళ్ళ పైపు ముక్క, విరిగిన బడిబెంచీ కాలు,
ట్రిగ్గరుకి తుప్పు గీకిన బ్రేకు పిడి.
గొట్టం మూతిలో ఎంసీలు కూరి బొటనవేలితో అదిమాను,
చీమ కూడా దూరదు.
పైన ఎర్ర టేపు.
యాక్షన్ అనే ముందు విప్పాలి, కట్ అనగానే చుట్టాలి,
ఆ ఉద్యోగమూ నాదే.

కత్తుల కోసం కొలిమి వైపు పోలేదు.
ఇనుముకి నటించడం రాదు.

పర్లాకిమిడి సందులో బనమాలి మహారణా వసారా:
దువ్వెనలు, కొంగలు, మీసం విరిగిన రొయ్య ఒకటి,
అన్నీ కొమ్ముతో చేసినవే, అన్నిటి మీదా దుమ్ము.
"ఇంటిపేరేటి బాబూ?"
"గేదెల."
"మరైతే ఇది నీ సుట్టానిదే" అని
నల్లటి కొమ్మొకటి నా ఒళ్ళో పెట్టాడు.
"బతికున్నన్నాళ్ళూ పొడిసింది.
దీని పొగరు దింపడమే ఏబై ఏళ్ళుగా నా పని.
నువ్వేమో మళ్ళీ కత్తి సెయ్యమంతన్నావు."

చేశాడు.
బొగ్గుల మీద వెంట్రుకలు కాలిన వాసన.
మెత్తబడ్డ కొమ్ముని రెండు చెక్కల మధ్య బిగించాడు.
ఆకురాయితో అంచు తీశాడు, తడిమాడు, మళ్ళీ తీశాడు.
చివరికి మొనని తన కనురెప్ప మీద ఆనించుకుని
కాసేపు అలాగే కూర్చున్నాడు.
నేను కదల్లేదు.
"ఊఁ" అన్నాడు.

స్టేషన్లో చెప్పకుండా ఇలాంటివి మోసుకు తిరిగే ఊరు కాదు మాది.
హెడ్డు దండసేనా అన్నీ తిప్పి తిప్పి చూశాడు.
పెన్ను మూత తీశాడు, పెట్టాడు.
ఏమని రాయాలి?
ఆఖరికి రాశాడు ఒరియాలో:
తుపాకి కాదు – ఒకటి.
కత్తి కాదు – రెండు.
కింద నేను తెలుగులో సంతకం చేశాను.
ఆయన అక్షరాలూ గుండ్రమే, నావీ గుండ్రమే,
పేజీ మొత్తం వెతికినా ఎక్కడా మొన లేదు.

మహేంద్రతనయ ఒడ్డు, ఉదయం తొమ్మిది.
"నల్లగా ఉంది, మెరవట్లేదు" అంది కుముదిని.
కెమెరా కుర్రాడు సంచిలోంచి
వాళ్ళ బావ చికెన్ కొట్టు కత్తి తీశాడు.
"ఒక్క క్లోజప్పేనండీ."
నేను దాన్ని గోనెలో చుట్టి, కింద వేసుకుని,
ప్యాకప్ దాకా దాని మీదే కూర్చున్నాను.
కూర్చునే టిఫిను పళ్ళెం ఎండకి పట్టాను.
వెలుగు తుళ్ళి కొమ్ము మీద పడింది.
మెరిసింది, కావలసినంత.

టైలరు లోకనాథం పొడిపించుకుని పడ్డాడు.
బీటురూటు రసంలో బెల్లప్పాకం, చీమలు ముందే వచ్చాయి.
పైన బట్టలుతుకుతున్న వాళ్ళావిడ ఆదిలక్ష్మికి
ఎవరూ కథ చెప్పలేదు.
ఆ కేక మైకులో ఇప్పటికీ ఉంది.
తడి చీరతోనే దిగింది, మొగుడు లేచి కూర్చున్నా నమ్మలేదు.
కత్తి లాక్కుని మొనని అరచేతిలో గుచ్చుకుంది.
ఇంకా గట్టిగా గుచ్చుకుంది.
అప్పుడు ఆ కత్తితోనే మొగుణ్ణి వీపు మీద నాలుగు బాదింది.
కత్తి విరగలేదు. వీపుకీ ఏం కాలేదు.

సాయంత్రం బాకీ ఇవ్వడానికి వెళ్తే
బనమాలి డబ్బు లెక్కపెట్టుకోలేదు.
కత్తులు రెండూ వేలితో తడిమి చూసుకుని
"ఎవులైనా సచ్చిపోనారా?" అన్నాడు.
"ఒకడు."
"ఎక్కడున్నాడు?"
"బజార్లో, టీ తాగుతున్నాడు."