బకెట్ నీళ్ళు

నాటింగ్‌హామ్‌లో ఆదివారం, ఆడవాళ్ళ ఆఖరి పందెం.
నా పని మలుపు దగ్గర నిలబడ్డం,
చెదిరిన నల్ల రబ్బరు ముక్కల్ని
మళ్ళీ చుక్కమీద పెట్టడం.

ఒరిగి ఒరిగి వస్తారు అయిదుగురు.
ఎడమచేతి వేళ్ళతో మంచుని ముట్టడం
మెతుకు పట్టి చూసినట్టు, అంతే.

గంట మోగింది. ఇంకొక్క చుట్టు.
హంగరీ పిల్ల, ఎనికో,
లోపలి సందులో దూరింది.
సందు మూసుకుంది.
మెత్తల గోడ దభేలుమంది.

ఎవరు గెలిచారో చూళ్ళేదు నేను.
ఆమె కత్తి గీసిన గీత చూశాను,
మూరెడు, తెల్లగా.
కళ్ళాపి చల్లినట్టు గోరువెచ్చటి నీళ్ళు పోశాను.
ఆవిరి లేచింది. గీత పూడింది.

పతకాలయ్యాక ఎనికో వచ్చింది,
మోకాలికి కట్టుతో.
ఎక్కడ పడ్డానంది.
వేలు చూపించబోయి
ఆగిపోయాను.