ఒకటోసారి, రెండోసారి

తొమ్మిదింటికి తాళం తీసేసరికి
పెదజాలరిపేట గాలి నాకన్నా ముందే గదిలోకి దూరుతుంది.
ఎండుచేప వాసన, డీజిలు, ఎవరో ఆరేసిన దుప్పటి తడి.
దాని వెనకే పిల్లలు.
ఇరవైముగ్గురని రిజిస్టరు అంటుంది.
గొంతులు లెక్కపెడితే వంద.

దానేసు ఎల్లాజీని కొరుకుతాడు.
ఎల్లాజీ ఏడవడు. చెయ్యి నా ముందు చాపి
"టీచరప్పా, ఆడి పళ్ళు చూడు, ఎంత బాగా అచ్చడిపోనాయో" అంటాడు.
కాసులమ్మ చాప మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి
సముద్రం వచ్చిందని కేకేస్తుంది.
మసేను బల్ల కింద ఉంటాడు.
జూన్ నుంచీ బల్ల కిందే ఉన్నాడు,
ఒక్క మాటా లేకుండా.

మాకు మూడు రోజులు ట్రైనింగిచ్చారు
ద్వారకానగర్‌లో, ఏసీ హాల్లో, సమోసాలు పెట్టి.
పిల్లల్ని వలయంగా కూర్చోబెట్టండి, అన్నారు.
కళ్ళలోకి చూసి మాట్లాడండి, అన్నారు.
సరే, సుద్దముక్కతో నేల మీద వలయం గీశాను.
వాళ్ళు దాన్ని వల అనుకున్నారు.
లోపల పడ్డవాళ్ళు చేపలు, బయటివాళ్ళు నాన్నలు.
అందర్నీ విడిపించేసరికి
పప్పు చల్లారిపోయింది.

చప్పట్లు కొట్టాను. గంట కొట్టాను. పాటలు పాడాను.
అరిచాను.
దసరా దాటేసరికి గొంతు పోయింది.
కేజీహెచ్‌లో డాక్టరు టార్చి వేసి చూసి
"చేపలమ్ముతావామ్మా?" అన్నాడు.

గొంతు లేని ఆ వారం
గుసగుసలతోనే నడిపాను బడి.
దగ్గరున్న పిల్ల నోరు మూసుకుంటుంది,
తనకి దక్కని రహస్యమేదో జారిపోతుందని.
దాన్ని చూసి ఇంకొకర్తె.
అలా ఏడుగురు, మహా అయితే ఎనిమిది మంది.
మిగతావాళ్ళకి నా రహస్యాలతో పనిలేదు.

ఇంతలో వాయుగుండం.
హార్బర్లో మూడో నంబరు ఎగరేశారు.
పడవలన్నీ ఒడ్డున, నాన్నలందరూ ఇళ్ళల్లో,
ఇళ్ళల్లోని కోపమంతా పిల్లల చేతుల్లో.
క్రేయాన్ల డబ్బాలో ఎరుపు ఒక్కటే మిగిలింది.
దాని మీద ఆరు చేతులు.
ఆయా నూకరత్నం చీపురు పట్టుకుని నిలబడిపోయింది.
నా దగ్గర గొంతు లేదు, చార్టుల్లో ఈ పేజీ లేదు.

"యాబై!"

ఎవరు?

"యాబై, యాబై, యాబై... అరవై ఎవులు?"

బల్ల కిందనుంచి.
తెల్లారి నాలుగ్గంటలకి అమ్మతో హార్బరుకెళ్ళి
ఖాళీ ఐసుపెట్టె మీద నిద్రపోయే పిల్లాడు.
నిద్రపోతున్నాడనే అనుకున్నాం అందరం.

"అరవై!" దానేసు.
"వెయ్యి!" ఎల్లాజీ.
"పద్దెనిమిది!" కాసులమ్మ, తనకొచ్చిన అంకెల్లో అదే పెద్దది.
మసేను మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చి
ఆరు చేతుల్లోంచి క్రేయాను తీసుకుని పైకెత్తాడు.
ఎవరూ ఆపలేదు.
పద్దెనిమిదిని కూడా మర్యాదగా తల ఊపి విన్నాడు.

"వెయ్యి... ఒకటోసారి..."

పైకప్పు రేకు మీద చినుకులు
మొదటిసారి వినిపించాయి ఆ గదిలో.

"వెయ్యి... రెండోసారి..."

కొరకబోయిన నోరు తెరుచుకునే ఉండిపోయింది.
ఇరవైరెండు జతల కళ్ళు ఒక ఎర్ర ముక్క మీద.
నేను ఊపిరి కూడా దాచుకున్నాను.

ఇప్పుడు గుడ్లు వేలం, పలకలు వేలం,
చేతులు కడుక్కునే వరసలో మొదటి చోటు వేలం.
డబ్బుకి బదులు గవ్వలు, లెక్కపెట్టి ఇవ్వాలి.
కాసులమ్మ ముప్ఫైఒకటి దాకా వచ్చింది.
సూపర్వైజరమ్మ వచ్చి "ఇదేం సిలబసు?" అంది.
గుసగుసగా చెప్పాను.
ఆవిడ కూడా వంగింది వినడానికి.

మసేను కొన్ని రోజులు పాడతాడు.
కొన్ని రోజులు మళ్ళీ బల్ల కిందికే.
పిలవను. గవ్వల గిన్నె అటు జరిపి నా పనిలో నేనుంటాను.

ఆ రోజు మాత్రం రెండోసారి దగ్గరే ఆగిపోయాడు.
ఎంతసేపటికీ మూడోసారి అనడు.
అడిగితే నా చెవి దగ్గరకొచ్చి
"అనేస్తే అయిపోతాది కదప్పా" అన్నాడు.

కిటికీ అవతల
ఒడ్డుకి లాగిన పడవలు తడుస్తున్నాయి.
వెనక వరసలోంచి ఎవరో
"రెండు వేలు" అన్నారు.