పాల సీసా మీద తేదీ

ఫ్రిజ్‌లో నా పాల సీసా మీద
నల్ల స్కెచ్‌పెన్‌తో నేనే రాసుకున్నాను:
మేదిని, నాలుగో అంతస్తు.
దాని కింద కంపెనీవాడు కొట్టిన తేదీ
దాటి తొమ్మిది రోజులైంది.
ఎవరూ పారేయలేదు.
ఆరుగురం వాడే వంటగదిలో
ఒకరి సీసా ఇంకొకరు ముట్టుకోరు.
అది మర్యాద.

డండీలో నవంబరు.
నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది.
నేను లేచేదే రెండింటికి,
కాబట్టి నా వాటాకొచ్చే వెలుగు గంటన్నర.
అదీ కర్టెన్ తీస్తే.

స్విండన్ నుంచి నాన్న
రోజూ పొద్దున్నే ఈ ఊరి వాతావరణం పంపుతాడు:
"డండీ, ఆరు డిగ్రీలు, ఈదురుగాలి, మఫ్లర్ మరవకు."
నా కిటికీ మీద వాన పడుతోందని
నాలుగువందల మైళ్ళ అవతల నుంచి ఆయన చెబితే
నాకు తెలుస్తుంది.
జవాబుగా బొటనవేలు బొమ్మ పంపుతాను.
నేనాడిన అబద్ధాలన్నిటిలోకీ
పొట్టిది అదే.

స్కూల్లో లెక్కలంటే నా పేరు చెప్పేవాళ్ళు.
ఇక్కడ మొదటి పరీక్షలో నూటికి ముప్ఫై ఎనిమిది.
మార్కులు పోయాయని కాదు,
"అయితే మరి నువ్వెవరు?" అని అడిగిన గొంతు
అచ్చం నా గొంతులా ఉందని
తలుపు వేసుకున్నాను.
ఆ తర్వాత ఆ తలుపు
రోజుకింత బరువెక్కింది.

మంగళవారం తెల్లవారుజామున మూడింటికి
ఎవడో బ్రెడ్డు మాడ్చాడు.
అలారం.
దుప్పట్లు కప్పుకుని మెట్లన్నీ దిగి
కారు పార్కింగులో నూట ఎనభై మందిమి,
ఒకడు గదిలో దాచి పెంచుకుంటున్న తాబేలుతో సహా.
అలవాటు ప్రకారం లెక్కపెట్టాను:
నిద్రలోంచి లేచొచ్చిన మొహాలెన్ని,
అసలు నిద్రే పోని మొహాలెన్ని.
రెండో రకం ఒకటే ఉంటుందనుకున్నాను.
వేళ్ళు చాల్లేదు.

పక్కగది ఐలీ, స్టోర్నోవే దీవి పిల్ల,
నా వట్టి కాళ్ళకేసి చూసి
తన రెండు జతల మేజోళ్ళలో పైజత విప్పి ఇచ్చింది.
వెచ్చగా ఉన్నాయి. వేరే మనిషి వేడి.
"నీ పాలు విరిగిపోయాయి, తెలుసా?
మూడుసార్లు నీ తలుపుదాకా వచ్చాను,
కొట్టడం బాగోదేమోనని వెళ్ళిపోయాను," అంది.
నవ్వొచ్చింది.
చాన్నాళ్ళు తిప్పని కుళాయిలా
ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు,
ఆ తర్వాతిక ఆగలేదు.

శుక్రవారం కౌన్సెలర్ మోయిరా ఒక ఫారం ఇచ్చింది.
గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు?
అస్సలు లేదు, కొన్ని రోజులు,
సగానికి పైగా, దాదాపు రోజూ.
సున్నా నుంచి మూడు.
అంకెలంటే నాకు భయం లేదు,
మా ఇంటి మాటలే అడ్డం పడ్డాయి.
చీకటి పడే వేళ గుండెలో కదిలేది గుబులు.
స్విండన్ వంటింట్లో మిక్సీ మోత గుర్తొస్తే బెంగ.
ఏదీ గుర్తు రాకపోతే, అది దిగులు.
మూడింటినీ ఒకే గడిలో ఎలా వేయను?
పెన్ను ఆగిపోతే ఆమె తొందరపెట్టలేదు.
ఆ మాటల్ని పలికి చూసింది.
"బెంగా" అని సాగదీసింది.
దిద్దబోయి ఊరుకున్నాను.
దానికి దీర్ఘమే సరి.

తిరిగొస్తూ టే నది ఒడ్డున నడిచాం, ఐలీ, నేనూ.
రైలు వంతెన పక్కనే
ఎప్పుడో కూలిన పాత వంతెన మొండి దిమ్మెలు
నీళ్ళలో వరసగా ఉన్నాయి.
ఎవరూ పెకలించలేదు.
రైలు వాటి పక్కనుంచే పోయింది,
కిటికీల్లో దీపాలతో.

ఆ రాత్రి నేనే ముందు పంపాను:
"నాన్నా, డండీ, మూడు డిగ్రీలు, ఆకాశం తేటగా ఉంది.
నేను లేను. ఫోన్ చెయ్యి."
ఆయన టైపు చేస్తున్న మూడు చుక్కలు
వచ్చాయి, పోయాయి, వచ్చాయి.
ఆ తర్వాత ఫోనే మోగింది.

అన్నీ తేలిపోలేదు.
నిన్న కూడా పన్నెండింటికే లేచాను.
కొత్త పాలు కొన్నాను, చిన్న సీసా.
అదే నల్ల స్కెచ్‌పెన్:
మేదిని.
ఎవరైనా వాడుకోవచ్చు.
తేదీ దాటితే
నా తలుపు కొట్టండి.