మెడ దాకా తెలిసిన మనిషి

ఎలియొదోరో నాకు ఎనిమిది నెలలుగా తెలుసు,
మెడ దాకా.
ఆ కింద పొట్టో పొడుగో,
చొక్కాకి ఎన్ని గుండీలు ఊడాయో
కాస్ట్రో ఊళ్ళో, ఈ రెండో అంతస్తు గదిలో కూర్చున్న నాకు
తెర ఎన్నడూ చెప్పలేదు.

గురువారం పదకొండింటికి
ఆపియావో దీవి నుంచి ముందు వాన వచ్చేది.
రేకుల మీద వాన,
తర్వాత పొయ్యిలో కట్టె చిటపట,
కుక్క దగ్గు,
అప్పుడు ముఖం.
ఆల్చిప్పల తాళ్ళు లాగి లాగి
ఉప్పు పట్టిన కనుబొమలు.
పంచదార డబ్బాకి ఆనించి నన్ను నిలబెట్టేవాడు.
వాళ్ళ వంటింట్లో నా చోటు అదీ.

"గత రెండు వారాల్లో ఎన్ని రోజులు
దేనిమీదా మనసు పోలేదు?"
కాగితం మీద ఉన్నది అడుగుతాను.
"కొన్ని రోజులు" అంటాడు.
నిద్ర పట్టని రాత్రులూ కొన్నే,
ముద్ద దిగని పూటలూ కొన్నే.
ఆ కొన్నిటిని ఎంత కూడినా
ఒక మనిషి తేలడు.

జూన్‌లో ఒకసారి
"ఒక్కోసారి ఆ తాళ్ళు చూస్తుంటే నాకు..."
అక్కడ ఆగింది.
నోరు సగం తెరిచి, రెప్ప సగం వాలి.
ఆగింది సిగ్నలో
మనిషో
తెలియదు.
ఊఁ, అన్నాను.
ఊ కొట్టడమే నా వృత్తి.
ఆ ఊఁ సముద్రం దాటిందో లేదో.
పదిహేడు సెకన్లు.
కదిలేసరికి కుక్కకి ఒంట్లో బాలేదని చెబుతున్నాడు.
తాళ్ళ దగ్గరికి వెనక్కి పిలిచాను,
రాలేదు.

ఆ రాత్రి దీవిలో నర్సుకి ఫోన్ చేశాను.
టార్చి పట్టుకుని, బురదలో కొండెక్కి వెళ్ళి
అతనింట్లో టీ తాగి వచ్చింది.
"ఉన్నాడు" అంది.
ఆ ఒక్క మాట కోసం
నాకు లేని కాళ్ళు ఆవిడ దగ్గర అరువు తెచ్చుకున్నాను.

ఒక్కసారి ఇక్కడికి రమ్మన్నాను.

తెల్లారకముందే లాంచీ ఎక్కి, ఆపైన బస్సెక్కి
వచ్చాడు.
తలుపులోంచి ముందు వాసన:
పొగ, ఉప్పు, తడిసిన ఉన్ని.
మనిషి పొట్టి. ఎందుకో పొడుగనుకున్నాను.
కూర్చున్నాడు.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
కుడి మోకాలొక్కటే
కుట్టుమిషను తొక్కుతున్నట్టు
ఒకటే ఊగడం.

ఇన్నాళ్ళూ బల్ల కింద ఇది ఇలాగే ఊగిందా?
పైన నోరు "కొన్ని రోజులు" అన్నప్పుడల్లా
కింద ఇది "కాదు, రోజూ" అంటూనే ఉందా?

చూశావా, మనిషికి మనిషి ఎదురుంటేనే, అని
నాలో నేను కాస్త పొంగాను కూడా.

అప్పుడన్నాడు, కిటికీకి చెబుతున్నట్టు:
"అక్కడైతే మీరు మా ఇంటికొచ్చేవారు.
పొయ్యి నాది, కుర్చీ నాది.
చాలనిపిస్తే ఒక్క నొక్కుతో మీరు వెళ్ళిపోయేవారు.
ఇక్కడ తలుపు మీ వెనకాల ఉంది."

నా కుర్చీ దారికి అడ్డమని
తొమ్మిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు.
లేచి జరిపాను.
దాని కాళ్ళు నేలని కిర్రున గీశాయి.

ఆ చప్పుడయ్యాక తాళ్ళ సంగతి చెప్పాడు.
అదిక్కడ రాయను.
చెప్పడం అయ్యేసరికి
కిటికీ అవతల, కొయ్య కాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళ కింద
నీళ్ళు తీసి
బురద బయటపడింది.

తిరుగు లాంచీ తప్పిపోయింది.
రెండు రోజుల కూలీ పోయింది.
నా కాగితంలో దాని గురించి ప్రశ్న లేదు.

మళ్ళీ గురువారం.
వాన, కట్టె, కుక్క.
పంచదార డబ్బా దగ్గర్నుంచి నన్ను ఎత్తాడు.
పైకప్పు, బల్బు, చేపల కత్తి
గిర్రున తిరిగి
తెర నిండా
అతుకేసిన ప్యాంటులో ఒక మోకాలు.

"కనబడుతోందా?" గొంతు పైనెక్కడో.
ఊఁ.
"పొద్దున ఇంకా ఎక్కువ ఊగింది."
ఊఁ.

మోకాలు ఆగింది.

సిగ్నలా?

ఊఁ, అన్నాను మళ్ళీ,
కుర్చీ అంచుకి జరిగి.